పక్కవాడి మంచితనం మన ఖాతాలో పడుతుందా?

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో తెలుగు ఒక్కటే వచ్చిన ముసలమ్మకి బ్యాంకు నుంచి కాగితం వస్తుంది. అందులో ఉన్నది ఒడియా, ఇంగ్లిషు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని వీధి చివరి కిరాణా కొట్టుకి వెళ్తుంది. “నాయనా, ఇందులో ఏటి రాసినారో కాస్త సూసి సెప్పు” అంటుంది. కొట్టతను చదివి చెప్తాడు. పెన్షను పడిందా లేదా, ఎంత పడింది, ఏ తేదీలోగా వెళ్లి బతికే ఉన్నానని చూపించుకోవాలి, అన్నీ అతని నోటి మాటే. సరిచూసుకునే దారి ఆమెకి లేదు.

ఆంధ్రని ఆనుకున్న ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఇది వింత కాదు. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు వాళ్లు ఎక్కడికీ కదల్లేదు, కచేరీల భాష మాత్రం మెల్లగా మారిపోయింది. ఇంటి భాష ఒకటి, ఆఫీసు భాష ఇంకొకటి అయిన చోట ప్రతి చిన్న పనికీ ఇంకొకరి నోటిని నమ్ముకోవాలి. అందుకే పక్కవాళ్ల మంచితనం మన బతుక్కి ఏమవుతుందనే ప్రశ్న ఇక్కడ పుస్తకాల్లో ఉన్నంత తీరిగ్గా ఉండదు. కొట్టతని నిజాయితీ ఆ ముసలమ్మకి కేవలం ఒక సౌకర్యమా, లేక ఆమె బతుకు నిండుగా ఉండటంలో అదీ ఒక పాలా?

సులువుగా తట్టే జవాబులు రెండున్నాయి, రెండూ సగం సగమే. చుట్టూ మంచివాళ్లుంటే మన పనులు జరుగుతాయి కాబట్టి మనకి మేలే కదా అన్నది మొదటిది. అయితే అక్కడ మేలు చేస్తున్నది పని మాత్రమే, మంచితనం కాదు. దొరికిపోతానన్న భయంతో నిజం చదివినా ఆ కాగితంలోని అంకెలు అవే. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నది రెండోది. ఎవరి గుణం వాళ్లది, ఎవరి పుణ్యం వాళ్లది, ఒకడు మంచివాడైనంత మాత్రాన ఇంకొకడి బతుకు పండదు అని. గ్రీకు, రోమను లోకంలోని స్టోయిక్కులనే తత్వవేత్తలు దీన్ని కొసదాకా లాగారు. సుగుణం ఒక్కటే చాలు, అది ఉన్నవాడికి లోకమంతా దుర్మార్గంగా ఉన్నా లోటు లేదన్నారు. వాళ్లలో పేరుమోసిన ఎపిక్టెటస్ పుట్టుకతో బానిస. ఆ మాట ఆయన నోట వింటే తేలిగ్గా కొట్టిపారెయ్యలేం.

ముందు మొదటి జవాబు సంగతి. భయం పనిచెయ్యాలంటే పట్టుబడే వీలుండాలి. చదువురాని మనిషి ముందు కాగితం చదువుతున్నవాడికి ఆ వీలు దాదాపు లేదు. తనిఖీ చేరని చోట మిగిలేది గుణమొక్కటే. ఇక్కడ ముసలమ్మకి దక్కేది సరైన అంకె ఒక్కటే కాదు, ఆ అంకె గురించి మళ్లీ ఆలోచించనక్కర్లేని స్థిమితం కూడా. అతను భయంతో నిజం చెప్పేవాడని తెలిస్తే ఆమె అదే కాగితాన్ని ఇంకో ఇద్దరికి చూపిస్తుంది, రాత్రి నిద్రపట్టక లెక్కలు వేసుకుంటుంది. గుణం వల్ల చెప్పేవాడని తెలిస్తే కొడుకు డబ్బు పంపడం మానేశాడన్న మాట కూడా అతనికి చెప్పుకుంటుంది. అంకెలు ఒకటే అయినా ఆ రెండు బతుకులూ ఒకటి కావు. కాబట్టి మేలు చేస్తున్నది పని మాత్రమే అన్న వాదన నిలవదు.

అయితే ఇది ఇంకా పుచ్చుకునే మనిషి వైపు నుంచి చూసిన లెక్కే. అసలు సంగతి తెలియాలంటే మనుషులు పక్కపక్కన నిలబడి ఒకే పని చేసే చోటుకి వెళ్లాలి. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల వాడలు చాలా ఉన్నాయి. ఒడియావాళ్లు వీళ్లని నొలియాలంటారు. గోపాలపూర్ లాంటి చోట్ల ఒడ్డు నుంచి లాగే పెద్దవల, కొన్ని ఊళ్లలో అలివి వల అంటారు, వీళ్లకి పాతకాలం నుంచీ తెలిసిన వేట. పడవ వలని సముద్రంలోకి తీసుకెళ్లి అర్ధచంద్రాకారంగా చుట్టి రెండో కొసని తిరిగి ఒడ్డుకి తెస్తుంది. రెండు తాళ్ల దగ్గరా రెండు గుంపులు నిలబడతాయి. ఇక లాగడమే. గంటల తరబడి మడమలు ఇసకలో దిగేసి, నడుము వెనక్కి వాల్చి లాగుతూ, గుంపులు రెండూ మెల్లగా దగ్గరికి జరుగుతాయి. చివరికి వల సంచి ఒడ్డున పడుతుంది. వలకి ఒక పాలు, పడవకి ఒక పాలు, మిగిలింది లాగిన వాళ్లకి. మోటారు బోట్లు, నైలాను వలలు వచ్చాక ఈ పద్ధతి బాగా తగ్గింది కానీ మన ప్రశ్నకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఎందుకంటే తాడు మీద ఎవరెంత బలం పెట్టారో కొలిచే సాధనం లేదు. తాడు పట్టుకుని, ముఖం బిగించి, ఊరికే నిలబడ్డా పాలు వస్తుంది. మాక్సిమిలియన్ రింగెల్మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. 1913లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం గుంపు పెరిగే కొద్దీ ఒక్కొక్కడు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదలలో కొంత అందరూ ఒకేసారి లాగలేకపోవడం వల్ల, కొంత వేరేవాళ్లున్నారు కదా అని మెత్తబడటం వల్ల అని తర్వాతి పరిశోధకులు విడదీసి చూపించారు. మొదటి దానికి మనవాళ్ల దగ్గర ఎప్పటి నుంచో మందుంది. హైలెస్సా అన్న కేక అందుకే. ఆ కేకతో యాభై చేతులు ఒక్క క్షణాన బిగుసుకుంటాయి. రెండో దానికి కేక చాలదు. గొంతెత్తి హైలెస్సా అంటూనే చేతులు వదులు చేసినవాణ్ని ఎవరూ పట్టుకోలేరు.

ఇప్పుడు ఆ తాడు మీద చిత్తశుద్ధిగా లాగే ఒక మనిషిని తీసుకుందాం. పక్కవాడు కూడా అలాగే లాగితే అతనికి ఒరిగేదేమిటి? నాలుగు చేపలు ఎక్కువ పడొచ్చు, అది చిన్న సంగతి. పక్కవాడు లాగకపోతే అతనికి మిగిలే దారులు చూస్తే పెద్ద సంగతి బయటపడుతుంది. తనొక్కడే ప్రాణం పెట్టి లాగి సాయంత్రానికి వెర్రివాడిగా మిగలాలి, లేదా తనూ చేతులు వదులు చెయ్యాలి. మంచివాడిగా ఉండటానికీ వెర్రివాడిగా ఉండటానికీ నడుమ ఎంత దూరం ఉండాలో అతను ఒక్కడే నిర్ణయించుకోలేడు. అది చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో ఉంది. పక్కవాడి మంచితనం నేరుగా నాకేమీ ఇవ్వకపోవచ్చు. నా మంచితనానికి నేను కట్టాల్సిన ధర మాత్రం తగ్గిస్తుంది. ఇతరుల సుగుణం మన బతుకుని పెంచే ముఖ్యమైన దారి ఇదే అనిపిస్తుంది. సాయాలు, ఉపకారాలు దీని తర్వాతే.

ఈ ధర ఊహ కాదు. జ్యూరిక్‌లో ఫిష్‌బాకర్, గేష్టర్, ఫేర్ అనే ఆర్థికవేత్తలు చేసిన ఒక ప్రయోగం 2001లో అచ్చయింది. కొందరికి డబ్బిచ్చి, ఉమ్మడి కుండలో ఎంత వేస్తారో చెప్పమన్నారు. కుండలో పడ్డది పెరిగి అందరికీ సమానంగా పంచబడుతుంది, వెయ్యనివాడికి కూడా. దాదాపు సగం మంది మిగతావాళ్లు ఎంత వేస్తే దాన్ని బట్టి తామూ వేస్తామన్నారు. సుమారు మూడో వంతు ఎవరెంత వేసినా తాము వెయ్యమన్నారు. ఇలాంటి ఆటలు పదే పదే ఆడిస్తే మొదట్లో బాగానే పడే డబ్బు రౌండు రౌండుకీ తగ్గిపోతుందని వేరే ప్రయోగాలు చాలా చూపించాయి. సగం మంది చెడ్డవాళ్లు కావడం దీనికి కారణం కాదు. వెర్రివాళ్లం కాకూడదని వాళ్ల పట్టుదల. మనలో చాలామందిది ఈ రకమే, ఒప్పుకోవడం కష్టమైనా.

సముద్రంలో ఇదే ఆట పెద్ద ఎత్తున జరుగుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం అది. ఒక బోటు యజమాని నిజంగా నియమం పాటించి లంగరేసుకుని కూర్చుంటాడు. అతను వదిలేసిన చేప ఇంకొకడి వలలో పడితే అతని సంయమనం దేనికి పనికొచ్చింది? రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకూ, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల మేర విధించే నిషేధమూ అంతే. దొంగతనంగా వెళ్లినవాడికి వల నిండుతుంది, వెళ్లనివాడికి వడ్డీ పెరుగుతుంది. ఇలాంటి చోట కాపలా బోట్లు పెంచమనే వాదన ఎప్పుడూ ఉంటుంది, అది తప్పు కూడా కాదు. కానీ ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు అడవులు, చెరువులు, చేపల రేవులు ఉమ్మడిగా కాపాడుకున్న ఊళ్లను జీవితమంతా అధ్యయనం చేసి తేల్చింది ఏమిటంటే, నిలిచిన చోటల్లా నియమాలు ఊరివాళ్లవే, నిఘా కూడా చాలావరకు వాళ్లదే. 2009లో ఆమెకి నోబెల్ వచ్చింది ఆ పనికే. పక్కవాడు పాటిస్తాడన్న నమ్మకం ఉన్న చోట పాటించడం మామూలు పనైపోతుంది.

స్టోయిక్కుల దగ్గరికి ఇప్పుడు తిరిగి రావచ్చు. ధర తగ్గితేనే కొనే మంచితనం అసలు మంచితనమేనా అని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందరూ చేతులు వదిలేసిన తాడు మీద కూడా ప్రాణం పెట్టి లాగేవాడు ఉంటాడు, అతనికి దండం పెట్టాల్సిందే. కానీ నిజం చెప్పడానికి, తూకం సరిగ్గా వెయ్యడానికి, వంతు పని చెయ్యడానికి ప్రతి ఒక్కరూ వీరులు కావాల్సిన ఊరు బాగుపడ్డ ఊరు కాదు. అక్కడి వీరుడి బతుకు గొప్పదే, నిండైనది మాత్రం కాదు. అతని శక్తంతా వెర్రివాడు కాకుండా నిలబడటానికే ఖర్చవుతుంది, పిల్లలతో ఆడుకోవడానికి మిగలదు. తమాషా ఏమిటంటే స్టోయిక్కులే ఇంకోచోట దీనికి పూర్తిగా ఎదురు మాట అన్నారు. లోకంలో ఎక్కడో ఒక జ్ఞాని వివేకంతో వేలు కదిపినా లోకంలోని జ్ఞానులందరికీ మేలు జరుగుతుందట. గ్రీకు రచయిత ప్లూటార్కు ఈ మాటని ఎత్తి చూపి నవ్వాడు. నవ్వొచ్చేదే కానీ, తనకు తానే చాలిన జ్ఞాని కూడా సాటి జ్ఞాని వల్ల మేలు పొందక తప్పదని వాళ్లే ఒప్పుకున్నట్టయింది.

అరిస్టాటిల్ వేరే దారిలో వచ్చాడు. సుఖంగా ఉన్నవాడికి స్నేహితులెందుకు అన్న ప్రశ్న వేసుకుని, మన పనులకన్నా పక్కవాళ్ల పనులే మనకి బాగా కనిపిస్తాయి అన్నాడు. మంచి పని చూడటమే ఒక ఆనందం అయితే, దాన్ని తేటగా చూసే చోటు స్నేహితుడి బతుకే. పతంజలి యోగసూత్రాల్లో పుణ్యాత్ముల పట్ల ముదిత, అంటే సంతోషం, చూపమని ఉంది. సాధన చెయ్యమన్నాడంటే అది తనంతట తాను రాదనే కదా. పక్కింటివాడు నీతిగా బతుకుతుంటే కొందరికి గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది, వాడెక్కడ జారతాడా అని చూస్తారు. వాళ్లకి కూడా ఆ నీతి వల్ల సౌకర్యం అందుతూనే ఉంటుంది, చీటీ డబ్బు సమయానికి వస్తూనే ఉంటుంది. అంతకు మించి అందదు. ఇక అందరూ సరిగ్గా కడతారు కాబట్టి ముందుగా చీటీ పాడి ఎగ్గొట్టేవాడి సంగతి చెప్పనక్కర్లేదు. చుట్టూ మంచితనం చౌకైనప్పుడు కూడా కొననివాడికి అది ఖాతాలో పడదు.

నమ్మకం ఎంత దూరం పనిచేస్తుందో గంజాం తీరం 2013లో చూసింది. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అంతకు ముందే ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు. 1999 సూపర్ సైక్లోన్‌కి దాదాపు 10 వేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రంలో ఈసారి చావులు పదుల్లో ఆగాయి. షెల్టర్లు, ఉపగ్రహాలు, ముందస్తు హెచ్చరికలు, అన్నిటికీ అందులో పాలుంది. కానీ వల, పడవ, మేక, సామాను వదిలి వాడ వాడంతా కదలాలంటే హెచ్చరిక చెప్పినవాడు అబద్ధం ఆడడని నమ్మాలి, తిరిగొచ్చేసరికి ఇంట్లో గిన్నెలుంటాయని నమ్మాలి. ఆ నమ్మకం ఆ రోజు పుట్టింది కాదు.

ఇంతవరకూ అంతా పక్కవాడి గురించే. ఆ పక్క ఎక్కడిదాకా? ఇది ఇబ్బంది పెట్టే ప్రశ్న, సరిహద్దు జిల్లాల్లో మరీను. తన వీధిలో, తన కులంలో, తన భాషవాళ్లకి అణా పైసలతో సహా లెక్క అప్పగించే వ్యాపారి, వారం సంతకి కొండ దిగి చింతపండు, పసుపు, కొండచీపుర్లు తెచ్చిన సవర గిరిజనుడికి తూకంలో దగా చేస్తాడు. కొండ ప్రాంతాల సంతల్లో ఈ దగా చరిత్ర పాతదే. ఆ వ్యాపారి మంచితనం అతని ఇరుగుపొరుగు బతుకుని నిజంగానే పెంచుతోంది, అందులో కొంత కొండ నుంచి దిగిన డబ్బుతోనే. దాన్ని సుగుణం అనడానికి నోరు రాదు. గిరి గీసుకున్న మంచితనం గిరి లోపలివాళ్లకి ధర తగ్గించి, ఆ తగ్గింపుని బయటివాళ్ల మీద వేస్తుంది.

ఆ గిరి దాటిన మనిషి ఈ సరిహద్దు జిల్లాల్లోనే ఉన్నాడు. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, దానిలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. మన్యం తిరుగుళ్లలో పట్టుకున్న మలేరియాకి వేసుకున్న క్వినైన్‌తో వినికిడి పోయింది. భాష చెవితో నేర్చిన మనిషికి అంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది? ఆ మంచితనం ఆయన బతుకుని నింపిందా, ఖర్చు చేసిందా అని అడిగితే రెండూ అనే చెప్పాలి. తెలుగువాళ్లకి మాత్రం ఆయన చేసిన మేలు అచ్చంగా ధర తగ్గించడమే. ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడుతున్న రోజుల్లో పరీక్షలో మాట్లాడే తెలుగు రాయడానికి తెగువ కావాలి. ఈరోజు ఎవరికీ ఏ తెగువా అక్కర్లేదు, ఈ వ్యాసానికి కూడా.

సవరల విషయంలో కథ వేరేగా నడిచింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు గిడుగు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అదే 1936లో కొండల్లో మంగేయి గొమాంగో అనే సవర తమ భాషకి సొరాంగ్ సంపెంగ్ అనే లిపి తయారు చేశాడు. ఆ అక్షరాలని దైవంగా కొలిచే సవరలు ఇప్పటికీ ఉన్నారు. బయటివాడి మంచితనం వాళ్ల భాషకి పుస్తకమిచ్చింది. ఆ భాషకి ఏ అక్షరాలు తొడగాలన్నది మాత్రం వాళ్లింకా తమలో తాము తేల్చుకుంటూనే ఉన్నారు. తెలుగులో, ఒడియాలో, రోమన్‌లో, సొరాంగ్ సంపెంగ్‌లో, ఊరిని బట్టి, మతాన్ని బట్టి, బడిని బట్టి రాస్తున్నారు.